కల్పిత దేశానికి సైనిక ట్రక్కుల కుటుంబం గీద్దాం: దున్న-4, దున్న-6, దున్న-8

నమస్కారం అండి. ఈ వీడియోలో ఒక కల్పిత దేశానికి భారీ సైనిక ట్రక్కులు తయారు చేద్దాం. ఒక్క ట్రక్కు కాదు, కుటుంబం మొత్తం. దేశం పేరు శైలవతి, ట్రక్కుల పేరు దున్న. దున్న-4, దున్న-6, దున్న-8. ఆ అంకె చక్రాల సంఖ్య. అన్ని చక్రాలకూ ఇంజిన్ శక్తి అందుతుంది, అది గుర్తుంచుకోండి.

స్క్రీన్ మీద ఎడమవైపు స్ప్రెడ్‌షీట్ ఉంది, కుడివైపు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ ఉంది. చేతులు బొమ్మ వైపే లాగుతాయి, నాకు తెలుసు. కానీ ముందు స్ప్రెడ్‌షీట్. ఎందుకంటే ట్రక్కు ఎలా ఉండాలో దాని కంటే ముందు దాని రోడ్డు చెబుతుంది.

శైలవతి కొండల దేశం. సొరంగాలు, పాత వంతెనలు. కాబట్టి ఇదిగో, ఈ గడిలో వెడల్పు 2.5 మీటర్లు, దీని కింద ఒక్కో యాక్సిల్, అంటే అటూ ఇటూ చక్రాలుండే ఇరుసు మీద గరిష్ఠంగా 8 టన్నులు. ఇవి నేను పెట్టుకున్న హద్దులు, మీ దేశానికి మీరు మార్చుకోండి. మార్చుకోలేనిది ఒకటుంది, 20 అడుగుల కంటైనర్. పొడవు 6.06 మీటర్లు, వెడల్పు 2.44, ఎత్తు 2.59. ట్రక్కు బెడ్ నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి, రెండూ కలిపితే 4.19. సొరంగం ఎత్తు 4 మీటర్లని మీ కథలో ఎక్కడైనా రాసి ఉంటే ఇక కంటైనర్ పోదు. నేను 4.5 పెట్టాను. సరే.

ఇప్పుడు బొమ్మ. ఒక మీటరుకి 20 మిల్లీమీటర్లు, అంటే 1:50. క్యాబిన్ ఇలా, అద్దం ఇలా, బంపర్. ఇది త్వరగా చేసేస్తున్నా, మీ ఇష్టమొచ్చిన ఆకారం గీయండి. చక్రం 26 మిల్లీమీటర్ల వృత్తం, అంటే 1.3 మీటర్లు. లోపల రిమ్, బోల్టులు. అన్నీ ఎంచుకుని కంట్రోల్ జి, గ్రూప్ అయిపోయింది.

ఇక్కడ ఒక్క మాట. రెండో చక్రానికి కంట్రోల్ డి కొట్టకండి. అది విడి కాపీ. ఆల్ట్ డి కొట్టండి, అది క్లోన్. మూడు ట్రక్కులు గీశాక టైర్ గాడి నచ్చలేదనుకోండి, మొదటి చక్రంలో మారిస్తే చాలు, ఇదిగో చూడండి, అన్నిట్లోనూ మారింది. క్యాబిన్ కూడా అంతే, క్లోన్. నాకు ఈ షార్ట్‌కట్ చాలా ఇష్టం, ఎందుకంటే నిజమైన ట్రక్కుల కుటుంబం నడిచేది కూడా ఇలాగే. అదే క్యాబిన్, అదే ఇంజిన్, అదే టైరు. యుద్ధంలో ఒక బండి పాడైతే దాని టైరు ఇంకో బండికి పనికొస్తుంది, మెకానిక్ ఒక్క ఇంజిన్ నేర్చుకుంటే సరిపోతుంది. జర్మన్ సైన్యం 1976 నుంచి వాడిన మాన్ క్యాట్1 చూడండి, నాలుగు, ఆరు, ఎనిమిది చక్రాల రకాలన్నీ ఒకే ఇంటివని దూరం నుంచే తెలుస్తుంది. చెక్ ట్రక్కుల కంపెనీ టాట్రా వాళ్లది ఇంకా అందమైన పద్ధతి. ట్రక్కు మధ్యలో వెన్నెముకలాంటి గొట్టం, ఇరుపక్కలా విడివిడిగా ఊగే సగం యాక్సిళ్లు. 1923 నుంచీ అదే ఆలోచన. యాక్సిల్ పెంచాలంటే గొట్టం పొడిగించడమే. దున్నకి నేను అదే తీసుకున్నా.

ఇక బరువు. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే నేను పోయినసారి దెబ్బతిన్నది ఇక్కడే. పాడైన బండిని వెనక వేలాడదీసి లాక్కెళ్లే రికవరీ ట్రక్కుని దున్న-6 మీద గీశాను. బొమ్మ చాలా బాగా వచ్చింది. తర్వాత లెక్క వేశాను.

రండి, మీరూ వేయండి. ఖాళీ బరువు 14 టన్నులు. ముందు యాక్సిల్ మీద 6, వెనక రెండు యాక్సిళ్ల జంట మీద 8. ముందు యాక్సిల్ నుంచి వెనక జంట మధ్య బిందువుకి 4.2 మీటర్లు. కొక్కెం ఆ బిందువుకి 4 మీటర్లు వెనక ఉంది, దాని మీద 5 టన్నులు. ఏతంలో ఒక కొన వంగితే రెండో కొన లేస్తుంది కదా, అదే ఇది. 5 ఇంటూ 4, ఇరవై. దాన్ని 4.2తో భాగిస్తే 4.76. అంత బరువు ముందు యాక్సిల్ మీద నుంచి లేచిపోతుంది. 6లోంచి తీసేస్తే మిగిలింది 1.24 టన్నులు! స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. వెనక చూడండి, 8, 5, 4.76 కలిపి 17.76. రెండు యాక్సిళ్లకి పంచితే 8.88. మన వంతెన హద్దు కూడా దాటింది.

బొమ్మలో ఇదేదీ కనిపించదు. మళ్లీ చెబుతున్నా, బొమ్మలో కనిపించదు.

అందుకే దున్న-8కి మార్చాను. వించ్, అంటే తాడు చుట్టి బండిని లాగే యంత్రం, క్యాబిన్ వెనకే పెట్టాను. ఖాళీగా ముందు జంట మీద 11.5, వెనక 7.5. రెండు జంటల మధ్య 5.5 మీటర్లు, కొక్కెం 3.5 వెనక. ముందు మిగిలేది 8.32, వెనక యాక్సిల్‌కి 7.84. మొత్తంలో ముందు వాటా 20 శాతం కంటే తగ్గకూడదని నేను నియమం పెట్టుకున్నా, ఇక్కడ దాదాపు 35. అమెరికా సైన్యం 1982 నుంచి వాడుతున్న హెమ్‌ట్‌లో రికవరీ ట్రక్కుకి ఎనిమిది చక్రాలు ఎందుకున్నాయో ఈ లెక్క వేశాకే నాకు అర్థమైంది.

ట్యాంకర్ తేలిక. దున్న-8 మోసేది 10 టన్నులు, ట్యాంకు ఒకటిన్నర, మిగతా ఎనిమిదిన్నర డీజిల్. లీటరు 0.84 కిలోలు, అంటే దాదాపు 10,000 లీటర్లు. హెమ్‌ట్ ట్యాంకర్ సుమారు 9,500 లీటర్లు మోస్తుంది, కాబట్టి మన అంకె నమ్మదగ్గదే.

చివరిది క్షిపణి వాహనం. దీనికి మాత్రం క్యాబిన్ నియమం తప్పాలి. సోవియట్ మాజ్-543లో ఒక్క వెడల్పు క్యాబిన్ బదులు అటొకటి ఇటొకటి రెండు చిన్న క్యాబిన్లు, పొడవైన క్షిపణి ముక్కు ఆ మధ్యలోకి వస్తుంది. మనమూ అలాగే చేద్దాం. క్యాబిన్ క్లోన్ ఎంచుకోండి, షిఫ్ట్ ఆల్ట్ డి, లింక్ తెగిపోయింది. ఇప్పుడు దీన్ని ఎంత మార్చినా మిగతా దున్నలు మారవు. చక్రాలు మాత్రం క్లోన్లుగానే ఉంచండి, వాటిని తెంచకండి. సేవ్ చేస్తున్నా.