దాహమైనప్పుడే తాగండి: 50 కిలోమీటర్ల పరుగుకు ముందు లాంగ్ రన్లు నేర్పినవి

అందరికీ నమస్తే. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. 50 కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చాను. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు, దాన్ని దాటిన ఏ పరుగైనా అల్ట్రానే. దానికోసం ప్రతి ఆదివారం లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే పొడుగు పరుగు, చేస్తున్నాను. ముందు నీళ్ల సంగతి చెప్తాను, ఎందుకంటే అందులో నేను బాగా భయపడ్డాను.

డిసెంబరులో ఒక ఆదివారం. తెల్లవారుజామున నాలుగున్నరకు క్లాక్ టవర్ దగ్గర మొదలుపెట్టి కనగల్ వైపు పోయాను. 32 కిలోమీటర్లు అనుకున్నాను. బాగా చలి, చెమట పెద్దగా పట్టలేదు. అయినా ఫోన్‌లో పావుగంటకోసారి అలారం పెట్టుకొని, మోగినప్పుడల్లా తాగాను. దాహం లేకపోయినా తాగాను. మనది ఎండల జిల్లా. "దాహం కాకముందే నీళ్లు తాగు" అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. నాలుగు గంటల్లో నాలుగున్నర లీటర్లు తాగేశాను, అన్నీ ఉత్త నీళ్లే.

26వ కిలోమీటరు దగ్గర అడుగు వేసినప్పుడల్లా కడుపులో నీళ్లు గుళగుళమంటున్నాయి. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉంది. వేలి ఉంగరం తిప్పుదామంటే తిరగట్లేదు, దానికి రెండు వైపులా వేలు ఉబ్బిపోయింది. ఒంట్లో నీళ్లు తగ్గాయేమో అనుకొని ఇంకో అర లీటరు తాగాను. ఆ రోజు నేను చేసిన పెద్ద తప్పు అదే.

పక్కనే బత్తాయి తోట. గట్టు మీద కూలబడ్డాను. అక్కడ సద్ది విప్పుకుంటున్న ఒక పెద్దమ్మ నన్ను చూసి, "పెయ్యి మంచిగున్నదా బిడ్డా? జెర సేపు కూసో, ఉరుకకు" అంది. జొన్నరొట్టె సగం తుంచి, ఉప్పుకారం అద్ది చేతిలో పెట్టింది. మెల్లగా నమిలాను, నీళ్లు ముట్టలేదు. రెండుసార్లు మూత్రానికి వెళ్లొచ్చాక తల కాస్త తేలికపడింది. మిగతా దూరం పరుగెత్తకుండా ఆటో ఎక్కాను. ఇంటికొచ్చి బరువు చూస్తే, పొద్దున 68.2 కిలోలు ఉన్నవాణ్ని 68.9 ఉన్నాను.

నాలుగు గంటలు పరుగెత్తాక బరువు పెరిగిందంటే పోయిన నీళ్లకంటే తాగినవే ఎక్కువని. మన రక్తంలో సోడియం, అంటే ఉప్పులో ఉండేదే, లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ ఉండాలి. మామూలప్పుడు ఎక్కువ తాగితే కిడ్నీలు బయటికి పంపేస్తాయి. గంటలకొద్దీ పరుగెత్తేటప్పుడు నీళ్లను పట్టి ఉంచే హార్మోన్ ఒకటి ఊరుతుంది, అందుకే కిడ్నీలు ఆ పని సరిగా చేయలేవు. రక్తం పలచబడి, సోడియం 135 కంటే కిందికి పోతే దాన్ని హైపోనాట్రీమియా అంటారు. బాగా తగ్గితే మెదడు వాస్తుంది. మనిషి తికమకగా మాట్లాడతాడు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. నేను రక్తపరీక్ష చేయించుకోలేదు కాబట్టి నాకు అదే వచ్చిందని అనను. వేళ్లు వాయడం ఒక్కటే అయితే పరుగులో మామూలే. కానీ తలనొప్పి, వికారం, పెరిగిన బరువు కలిసి వస్తే తేలిగ్గా తీసుకోకూడదు.

ఈ సంగతి మొదట బయటపడింది కూడా అల్ట్రా పరుగుల్లోనే. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అని దాదాపు 90 కిలోమీటర్ల పరుగు 1921 నుంచి జరుగుతోంది. అలాంటి దూరాలు పరుగెత్తి ఆస్పత్రి పాలైనవాళ్ల గురించి టిమ్ నోక్స్ అనే డాక్టర్, ఆయన తోటివాళ్లు 1985లో వైద్య పత్రికలో రాశారు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉంది. పరుగులో బరువు పెరిగినవాళ్లు, నాలుగు గంటలకంటే ఎక్కువ తీసుకున్నవాళ్లు అందులో ఎక్కువ. అంటే నాలాగా నిదానంగా పరుగెత్తేవాళ్లే. దారి పొడవునా తాగడానికి టైమ్ దొరికేది మనకే కదా.

ఇప్పుడు అలారం తీసేశాను, దాహమైతేనే తాగుతున్నాను. ఒక సీసాలో నీళ్లు, ఇంకో సీసాలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ. కానీ ఉప్పు వేసుకున్నాం కదా అని ఎంతైనా తాగొచ్చు అనుకోకండి. అసలు ప్రమాదం ఎక్కువ తాగడంలోనే ఉంది, దాన్ని ఉప్పు ఆపలేదు. అలాగే ఏప్రిల్, మే ఎండల్లో తాగకుండా పరుగెత్తమని నేను అనట్లేదు. అప్పుడు దాహమే ఎక్కువ అవుతుంది, ఎక్కువ తాగుతాం. తోటి రన్నర్ ఎవరైనా పరుగు మధ్యలో పొంతన లేకుండా మాట్లాడుతుంటే నీళ్లు తాగించకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఎన్ని నీళ్లు తాగాడో డాక్టరుకు చెప్పండి.

తిండి విషయంలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. నాకు అరటిపండు, ఖర్జూరాలు, బెల్లం పల్లీపట్టీ సరిపోతున్నాయి. రన్నర్లు నోట్లోకి పిండుకునే తీపి జెల్ ప్యాకెట్లు నా కడుపుకు పడలేదు. ఏది పడుతుందో లాంగ్ రన్‌లోనే తేల్చుకోవాలి, రేసు రోజు కొత్తది నోట్లో పెట్టొద్దు.

బూట్లు అర సైజు పెద్దవి కొనండి, గంటలు గడిచేకొద్దీ పాదాలు వాస్తాయి. తొడలు ఒరుసుకునే చోట వాజిలిన్ రాయండి. స్పీడ్ అయితే, పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగేంత చాలు. ఎదురెక్కుడు వస్తే నడవండి, అల్ట్రాలో పెద్ద పెద్దవాళ్లే నడుస్తారు.

రోడ్డు గురించి ఒక మాట. వరి కోతలప్పుడు మన ఊళ్లలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. ఒక రైతు ఆరు నెలల కష్టం అది, బూటు కాలుతో తొక్కకండి. ఆగి, ముందూ వెనకా బండ్లు చూసుకొని, చుట్టూ తిరిగి పొండి. పది సెకన్లు పోతాయి, అంతే.

బరువు మిషన్ ఇప్పుడు గుమ్మం పక్కనే ఉంటుంది. పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఎక్కుతాను. పోయిన మూడు ఆదివారాలు 900 గ్రాములు, కిలో 100, 800 గ్రాములు తగ్గాను. తలనొప్పి లేదు, ఉంగరం తిరుగుతోంది. వచ్చే ఆదివారం 36 కిలోమీటర్లు, అదే రోడ్డు. ఆ పెద్దమ్మ కోసం ఒక కిలో ఖర్జూరాలు పట్టుకెళ్తున్నాను.