చెడిపోయిన ల్యాప్‌టాప్‌ను గుజిరీకి వేసే ముందు

సభకు నమస్కారం. బెంగళూరులో స్థిరపడిన మన కుటుంబాల్లో అటక మీద పాత ల్యాప్‌టాప్, బీరువా అడుగున రెండు మూడు ఫోన్లు లేని ఇల్లు అరుదు. ఎలాగూ ఆన్ కావడం లేదు కదా అని, సంక్రాంతికి ఇల్లు సర్దేటప్పుడు వాటిని గుజిరీ బండికి వేసేస్తాం. నేను మాట్లాడదలచుకున్నది ఆ ‘ఆన్ కావడం లేదు’ అనే మాట గురించే.

నిరుడు మా మామగారి ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు కాలిపోయింది. బాగుచేయించడం దండగని తేలాక, వెనుక మూత విప్పి, అరచేతిలో ఇమిడే హార్డ్‌డిస్కును బయటికి తీసి, ఎస్పీ రోడ్డులో కొన్న డిస్కును యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ కేబుల్‌తో నా కంప్యూటర్‌కు తగిలించాను. ఆధార్ నకళ్లు, నెల్లూరు పొలం పాసుపుస్తకం స్కాన్లు, పెన్షన్ కాగితాలు, చివరికి ‘పాస్‌వర్డ్స్’ అని ఆయనే పేరు పెట్టిన ఫైలు, అన్నీ చెక్కుచెదరకుండా కనిపించాయి. విండోస్ లాగిన్ ఎక్కడా అడ్డు రాలేదు. అది వీధి తలుపుకు వేసిన తాళమే కానీ బీరువాకు వేసినది కాదు.

హార్డ్‌డిస్కులో ఫైలును డిలీట్ చేసినప్పుడు చెరిగేది అది ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే. అసలు రాత, దాని మీద మరొకటి రాసేవరకు, అక్కడే ఉంటుంది. సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాత్ అనే, అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 158 వాడిన డిస్కులు కొని పరిశీలించి, 2003లో ఆ ఫలితాలు ప్రచురించారు. పనిచేసిన 129 డిస్కుల్లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. ఒకటైతే ఏటీఎంలోంచి వచ్చినది!

తిరిగే బిళ్లలకు బదులు చిప్పుల్లో సమాచారాన్ని దాచే ఎస్‌ఎస్‌డీల సంగతి వేరు. అరుగుదల అంతటా సమానంగా ఉండాలని వాటిలోని కంట్రోలర్ అనే నియంత్రణ చిప్పు రాతలను మెమరీ గదులు మార్చి రాస్తుంటుంది కనుక, పైన మరేదైనా నింపినా కొన్ని గదులు చెరగకుండా మిగిలిపోవచ్చు. డ్రైవు మొత్తాన్ని చెరిపేందుకు తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ సదుపాయం వాడాలంటే యంత్రం పనిచేస్తూ ఉండాలి. పలుచని ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఎస్‌ఎస్‌డీ బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి విడదీయనూ లేం. అందుకే ల్యాప్‌టాప్ బాగున్న రోజుల్లోనే విండోస్‌లోని బిట్‌లాకర్ వంటి ఎన్‌క్రిప్షన్, అంటే తాళంచెవి లేనిదే ఎవరూ చదవలేని రహస్య లిపి, పెట్టుకోమంటాను.

ఫోన్ల విషయంలో కొంత నిశ్చింత. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి కొత్త ఫోన్లన్నింటికీ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. ఫ్యాక్టరీ రీసెట్‌తో దాని తాళంచెవే నశిస్తుంది. (ముందుగా గూగుల్ ఖాతా తీసేయకపోతే కొన్నవాడు పాస్‌వర్డు కోసం మన వెంటపడవచ్చు, అది వేరే తలనొప్పి.) మనం మరచిపోయేది మెమరీ కార్డును. రీసెట్ సాధారణంగా దాని జోలికి వెళ్లదు.

మామగారి డిస్కుకు లోపలి బిళ్లల గుండా డ్రిల్లుతో నాలుగు రంధ్రాలు వేశాను. ఎస్‌ఎస్‌డీ అయితే ప్రతి చిప్పూ పగలాలి. ఫోన్‌ను మాత్రం ఎవరూ సుత్తితో కొట్టవద్దు, లిథియం బ్యాటరీ అంటుకోవచ్చు. మిగిలిన ల్యాప్‌టాప్‌ను గుర్తింపు పొందిన ఈ-వేస్ట్ కేంద్రానికి ఇచ్చాను.

ఆ డిస్కును, ఒక స్క్రూడ్రైవర్‌ను ఈ బల్ల మీద ఉంచాను. ఎవరైనా తమ ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఉంటే, అందులో డిస్కు ఎక్కడుంటుందో ఇప్పుడే విప్పి చూద్దాం.