జీతంలో టీడీఎస్ కోత: ఫారం 12బీబీ అనే ఆది జాకెట్టు

నమస్కారం. మా పిన్ని కొడుకు విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గర ఒక కార్యాలయంలో పనిచేస్తున్నాడు. జనవరి జీతం పడిన రాత్రి పేస్లిప్పు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. టీడీఎస్, అంటే జీతంలోనే ముందుగా కోసే పన్ను, గడిలోని అంకె కింద పెన్నుతో రెండు గీతలు గీసి ఉన్నాయి. "అన్నయ్యా, పన్నెండు వేల పైచిలుకు ఎక్కువ కోశారు, ఈ డబ్బు పోయినట్టేనా?" అని అడిగాడు. పోలేదు. టీడీఎస్ అంటే తుది పన్ను అనుకోవడం వల్ల ఎంతోమంది అనవసరంగా నలిగిపోవడం చూస్తున్నాను కాబట్టే ఈ వీడియో చేస్తున్నాను. ఇందులోని అంకెలు, నియమాలు, ఫారాల పేర్లు అన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి.

వస్త్రలతలో గుడ్డ కొని దర్జీకి ఇచ్చేటప్పుడు దానితోపాటు కొలత కోసం ఆది జాకెట్టు కూడా ఇస్తాం. 1961 ఆదాయ పన్ను చట్టం 192వ సెక్షన్ ప్రకారం యాజమాన్యం మన ఏడాది ఆదాయాన్ని అంచనా వేసి, దానిపై పడే పన్నును నెలలకు సర్ది కోస్తుంది. ఆ కోతకు మనమిచ్చే ఆదే, మన మినహాయింపుల వివరాలు రాసి ఇచ్చే, 2016 జూన్‌లో అమల్లోకి వచ్చిన ఫారం 12బీబీ. ఆది ఇవ్వకపోతే దర్జీ తనకు తెలిసిన కొలతతోనే కత్తిరిస్తాడు. ఇక్కడ ఆ కొలత కొత్త పన్ను విధానం: ఏది కావాలో మనం చెప్పకపోతే దాని ప్రకారమే కోయాలి. అందులో ఇంటి అద్దె మినహాయింపు ఉండదు, అయితే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 రూపాయలు తీసేశాక జీతం 12 లక్షలు దాటనివారికి రిబేటు, అంటే పన్ను మాఫీ, వల్ల పన్నే పడదు. కాబట్టి లెక్క చూసుకుని, అద్దె లాంటి మినహాయింపులుండే పాత విధానం ఎంచుకున్నవారికే ఈ ఆది నిజంగా అవసరం.

మా తమ్ముడు పాత విధానం ఎంచుకున్నాడు. అతని బేసిక్ (మూల వేతనం) నెలకు 80,000, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) 32,000, కట్టే అద్దె 18,000. హెచ్ఆర్ఏ మొత్తానికీ పన్ను ఉండదని అతను అనుకున్నాడు, కాని మూడు ఏడాది లెక్కల్లో చిన్నదానికే మినహాయింపు దక్కుతుంది: అందిన హెచ్ఆర్ఏ 3,84,000, విజయవాడ మెట్రో నగరం కాదు కాబట్టి బేసిక్‌లో 40 శాతం, అదీ 3,84,000, అద్దె 2,16,000 లోంచి బేసిక్‌లో పదో వంతు 96,000 తీసేస్తే మిగిలే 1,20,000. అంటే అతనికి దక్కేది 1,20,000 మాత్రమే. అదైనా దక్కాలంటే, అద్దె ఏడాదికి లక్ష దాటింది కాబట్టి ఇంటి యజమాని పాన్ నంబరు రాయాలి. మొహమాటపడి అడగలేదు, ఆ గడి ఖాళీగా వదిలేశాడు. కార్యాలయం మినహాయింపును పక్కనపెట్టింది. 30 శాతం పన్ను పడే ఆదాయ శ్లాబులో, పన్నుపై అదనంగా వేసే సెస్సుతో కలిపి 37,440 రూపాయల పన్ను పెరిగి, మిగిలిన మూడు నెలలకు 12,480 చొప్పున పడింది. ఇంట్లో కాపురమున్నవారు యజమానిని పాన్ అడగడంలో తప్పేమీ లేదని నేను గట్టిగా చెబుతాను.

కత్తిరించిన గుడ్డ మళ్లీ అతకదు, కాని ఈ కోతను సరిదిద్దవచ్చు. మార్చి జీతం లెక్క కట్టేలోపు పాన్, అద్దె రసీదులు ఇస్తే, యాజమాన్యం ఆ ఏడాదిలోనే ఎక్కువతక్కువలు సర్దవచ్చు. అదీ కుదరకపోతే రిటర్నులో అదే మినహాయింపు చూపించి రిఫండు తీసుకోవచ్చు. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి గడువులోపు రిటర్ను వేస్తే, కార్యాలయంలో చెప్పిన విధానాన్ని కూడా మార్చుకోవచ్చు.

సమయం తక్కువగా ఉంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే పాత జీతం వివరాలను ఫారం 12బీలో కొత్తచోట ఇవ్వండి. లేకపోతే ఇద్దరు దర్జీలూ, అంటే పాత, కొత్త యాజమాన్యాలు, ఎవరికి వారు మొదటి శ్లాబు నుంచి కొలిచి తక్కువ కోస్తారు, చివర్లో బాకీ వడ్డీతో మీ మీద పడుతుంది. జూన్ 15 లోపు యాజమాన్యం ఇవ్వాల్సిన టీడీఎస్ ధ్రువపత్రం ఫారం 16 అందగానే, అందులోని టీడీఎస్‌ను ఆదాయ పన్ను శాఖ దగ్గర మీ పేరున జమైన పన్నును చూపే 26ఏఎస్‌లోని అంకెతో పోల్చి చూడండి. తేడా కనిపిస్తే రిటర్ను వేసేలోపే అకౌంట్స్ విభాగానికి రాతపూర్వకంగా తెలియజేయండి.