పడవలో "చర్చి" అనకూడదు

జాలరి పల్లెల కథల్లో ఏదైనా జానపద నమ్మకం కనిపించగానే "అదంతా మూడ్ కోసం పెట్టారులే" అని కరివేపాకులా తీసి పక్కన పడేస్తారు చూడండి, నాకు అక్కడే మండుతుంది. ఒక్క ఉదాహరణ చెప్తాను, దాన్నే పట్టుకుని ఉంటాను.

షెట్లాండ్. స్కాట్లాండ్‌కి ఉత్తరాన సముద్రం మధ్యలో ఉన్న దీవులు. అక్కడి జాలర్లు ఒకప్పుడు ఆరు తెడ్ల పడవల్లో చాలా లోతుకి వేటకి వెళ్లేవాళ్లు. పడవెక్కాక కొన్ని మాటలు నోటెంట రాకూడదు. పాస్టర్ గారిని "అప్‌స్టాండర్" అనాలి, అంటే లేచి నిలబడేవాడు. చర్చి అనకూడదు, "బెనిహూస్" అనాలి, ప్రార్థన ఇల్లని అర్థం. చీకటి పడితే పాముని పురుగు అంటాం కదా, అలాగన్నమాట.

ఇంతవరకూ మూఢనమ్మకంలాగే ఉంది. కానీ బెనిహూస్ ఏ భాష మాటో తెలుసా? నార్న్, అంటే నార్వే వైపు నుంచి వచ్చిన ఆ దీవుల పాత భాష. 1469లో డెన్మార్క్-నార్వే రాజు కూతురి కట్నం డబ్బు సర్దలేక ఈ దీవుల్ని స్కాట్లాండ్ రాజుకి తాకట్టు పెట్టాడు, మళ్లీ విడిపించుకోవడం కుదరనే లేదు. ఆ తర్వాత మెల్లమెల్లగా ఒడ్డు మీద స్కాట్స్ భాష నిండిపోయి నార్న్ చచ్చిపోయింది. పడవలో మాత్రం ఒడ్డు మాటలు కొన్ని నిషిద్ధం కదా, అందుకని వాటి బదులు వాడే పాత మాటలు అక్కడ బతికిపోయాయి! 1893లో యాకబ్ యాకబ్‌సన్ అనే ఫారో దీవుల పండితుడు వచ్చి దాదాపు 10,000 నార్న్ మాటలు ఏరాడు, వాటిలో ఈ సముద్రపు మాటలు బోలెడు.

ఇప్పుడు కథ రాస్తున్నాం అనుకోండి. తాత బెనిహూస్ అంటాడు. పట్నంలో చదివొచ్చిన మనవడు అలవాటులో "చర్చి" అనేస్తాడు. తెడ్లు ఆగిపోతాయి. అంతే, ఇంకేం వివరించక్కర్లేదు, వాళ్లు పోగొట్టుకున్న భాషా వాళ్ల భయమూ రెండూ ఆ నిశ్శబ్దంలోనే ఉన్నాయి. ఆ భయం ఉత్తిది కూడా కాదు, 1881 జూలైలో ఒక్క తుఫానులో అక్కడ 58 మంది జాలర్లు పోయారు.

టైమ్ అయిపోతోంది, సెల్కీల గురించి గబగబా చెప్పేస్తా. సీల్ అనే సముద్రపు జంతువు తన చర్మం విప్పి ఆడమనిషి అవుతుంది, ఒకడు ఆ చర్మం దాచేసి పెళ్లి చేసుకుంటాడు, అది దొరికిన రోజున ఆమె సముద్రంలోకి వెళ్లిపోతుంది. సీల్స్ రాళ్ల మీదకి ఎక్కి పడుకునే తీరంలోనే ఇది పుడుతుంది. మీరు చదివే కథలో ఉన్న నమ్మకాన్ని ఎత్తి ఇంకో తీరంలో పెట్టి చూడండి. ఏమీ తేడా రాలేదంటే ఆ రచయిత ఊరి పేరు మాత్రమే వాడుకున్నట్టు. బెనిహూస్‌ని అలా మార్చి చూడండి, మొదటి వాక్యంలోనే ఇరుక్కుంటారు.