మెడికేర్‌లో చేరడానికి మీ నెల ఏది?

శ్రోతలందరికీ నమస్కారం.

1965లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ రెండు నెలల తేడాలో రెండు చట్టాల మీద సంతకం పెట్టారు. మొదటిది మెడికేర్ చట్టం, అంటే 65 దాటినవాళ్లకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమాది. జులై 30న మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ అనే ఊళ్లో సంతకం చేసి, తొలి కార్డును మాజీ అధ్యక్షుడు ట్రూమన్ చేతికి ఇచ్చారు. రెండోది వలసల చట్టం. అక్టోబరు 3న న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమ దగ్గర దాని మీద సంతకం చేశారు. ఆ రెండో చట్టం తలుపు తెరిస్తేనే మన డాక్టర్లూ, ఇంజినీర్లూ ఈ దేశానికి రాగలిగారు. వాళ్లూ, వాళ్ల వెనక వచ్చినవాళ్లూ, వాళ్లు పిలిపించుకున్న అమ్మానాన్నలూ ఇప్పుడు మొదటి చట్టంతో పనిపడే వయసుకు వచ్చారు.

మెడికేర్‌కు అర్హత ఉండడం వేరు, అందులో చేరడం వేరు. చేరడానికి ఒక గడువుంది. అది ఒక్కొక్కరికి ఒక్కో నెలలో మొదలవుతుంది. దాటిపోతే కొన్ని నెలలు బీమా లేకుండా గడపాల్సి రావచ్చు, పైగా పెనాల్టీ బతికున్నంతకాలం వెంటవస్తుంది. నా బాధల్లా, ఇది డబ్బు లేక జరిగే నష్టం కాదు. ఫలానా నెలలో ఫలానా పని చెయ్యాలని చెప్పేవాళ్లు లేక జరిగే నష్టం. ఇవాళ ఆ నెలల సంగతే చెబుతాను.

ముందు నాలుగు ముక్కల్లో మెడికేర్ స్వరూపం. పార్ట్ ఏ ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చుకు. పార్ట్ బి డాక్టరు దగ్గరికి వెళ్లడానికి, పరీక్షలకు. పార్ట్ డి మందులకు. పార్ట్ సి అంటే మెడికేర్ అడ్వాంటేజ్. ఏ, బి రెండిట్లో ఉన్నవాళ్లకు ఆ సేవలన్నీ ఒక ప్రైవేటు కంపెనీ ద్వారా అందే ఏర్పాటు అది. ఇక్కడ పదేళ్లు పనిచేసి, అంటే 40 క్రెడిట్లు సంపాదించుకుని ఉంటే పార్ట్ ఏకి ప్రీమియం ఉండదు. పార్ట్ బికి మాత్రం అందరూ కట్టాలి. 2026లో దాని మామూలు ప్రీమియం నెలకు 202 డాలర్ల 90 సెంట్లు.

ఇక గడువు. మీకు 65 నిండే నెల, దానికి ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు, మొత్తం ఏడు నెలలు. ముందరి మూడు నెలల్లోనే దరఖాస్తు పెడితే పుట్టినరోజు నెల ఒకటో తేదీ నుంచే బీమా మొదలవుతుంది. ఆ తర్వాత పెడితే, పెట్టిన నెల గడిచాక పై నెల ఒకటిన పార్ట్ బి మొదలవుతుంది. కాబట్టి ముందరి మూడు నెలలే మంచివి.

ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా తగిలే చిక్కొకటి ఉంది. మన పెద్దవాళ్లలో చాలామంది అసలు పుట్టినరోజు వేరు, కాగితాల మీద ఉన్నది వేరు. బళ్లో వేసిన రోజున పంతులుగారు జులై 1 అనో, జూన్ 1 అనో రాసేశారు. అదే పాస్‌పోర్టుకు ఎక్కింది, అదే ఇక్కడ పెన్షన్లు చూసే ప్రభుత్వ శాఖ సోషల్ సెక్యూరిటీ రికార్డుకూ ఎక్కింది. మెడికేర్‌కు ఆ రికార్డులో ఉన్న తేదీయే లెక్క. అంతేకాదు, ఒకటో తేదీన పుట్టినవాళ్లకు లెక్క మొత్తం ఒక నెల ముందుకు జరుగుతుంది. రికార్డులో జులై 1 ఉంటే మీ మెడికేర్ నెల జూన్. ఏడు నెలల గడువు మార్చి 1న మొదలై సెప్టెంబరు 30తో అయిపోతుంది. జులై నుంచి లెక్కవేసుకుని అక్టోబరులో వెళితే అప్పటికే గడువు దాటిపోయి ఉంటుంది. ఈ కార్యక్రమం అవగానే ఇంట్లో పెద్దవాళ్ల పాస్‌పోర్టు తీసి ఆ తేదీ ఒకసారి చూడండి.

గవర్నమెంటు వాళ్లే కార్డు పంపుతారు కదా అని కూర్చునేవాళ్లూ ఉన్నారు. పంపే మాట నిజమే, కానీ అందరికీ కాదు. 65 నిండడానికి కనీసం నాలుగు నెలల ముందు నుంచీ సోషల్ సెక్యూరిటీ పెన్షను తీసుకుంటున్నవాళ్లకు కార్డు దానంతట అదే ఇంటికి వస్తుంది. 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్లకు పూర్తి పెన్షను వయసు 67. అందుకని చాలామంది 67 దాకా ఆగుతున్నారు. పెన్షనుకు ఆగొచ్చు, తప్పులేదు. మెడికేర్ మాత్రం ఇంకా 65 దగ్గరే ఉంది. ఈ రెండూ ఒకటే అనుకుని, పెన్షనుతో పాటు చూసుకుందాంలే అని వదిలేసినవాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు.

మరి ఇంకా ఉద్యోగం చేస్తున్నవాళ్ల సంగతి? మీరో, మీ భార్యో, భర్తో పనిచేస్తూ ఉండి, ఆ ఉద్యోగం తరఫున ఆరోగ్య బీమా ఉండి, కంపెనీలో 20 మందో అంతకన్నా ఎక్కువమందో పనిచేస్తుంటే పార్ట్ బి వాయిదా వేసుకోవచ్చు, పెనాల్టీ ఉండదు. కంపెనీలో 20 మంది కన్నా తక్కువ ఉంటే ఆగకండి. అలాంటి చోట ముందు బిల్లు కట్టాల్సింది మెడికేర్, ఆ తర్వాతే కంపెనీ బీమా. మెడికేర్ లేకపోతే ఆ మొదటి భాగం మీ నెత్తిన పడుతుంది. సొంతంగా చిన్న వ్యాపారాలు నడుపుకునేవాళ్లు, అలాంటి చోట పనిచేసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఉద్యోగం మానేశాక ఎనిమిది నెలల ప్రత్యేక గడువు ఇస్తారు. కోబ్రా, అంటే ఉద్యోగం పోయాక కూడా కంపెనీ బీమానే సొంత డబ్బుతో కొంతకాలం కొనసాగించుకునే ఏర్పాటు, తీసుకున్నవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ఒకాయనకు 67 ఏళ్లు, 2026 జూన్ ఆఖరుకు ఉద్యోగం పోయిందనుకోండి. కంపెనీ వాళ్లు కోబ్రా కాగితాలు ఇచ్చారు. అదే బీమా, అదే కార్డు, అదే డాక్టరు. ప్రీమియం అంతా తనే కట్టుకుంటూ ఏడాదిన్నర పాటు, 2027 డిసెంబరు దాకా కొనసాగించాడు. అది అయిపోయాక మెడికేర్‌కు వెళ్లాడు. కానీ కోబ్రాను ఉద్యోగం చేస్తూ ఉన్న బీమాగా లెక్కలోకి తీసుకోరు. రిటైరైనవాళ్లకు కంపెనీలు ఇచ్చే బీమాదీ అదే తీరు. ఆయన ఎనిమిది నెలలు 2026 జులైలో మొదలై 2027 ఫిబ్రవరితోనే అయిపోయాయి. ఇక ఏటా జనవరి 1 నుంచి మార్చి 31 దాకా ఉండే సాధారణ గడువులోనే పార్ట్ బిలో చేరాలి. 2028 జనవరిలో చేరితే ఫిబ్రవరి 1న అది మొదలవుతుంది. జనవరి అంతా పార్ట్ బి లేదు, ఆపైన 10 శాతం పెనాల్టీ. అంతకన్నా పెద్ద ప్రమాదం, ఆ ఏడాదిన్నరలో గుండెకో, మోకాలికో ఆపరేషను అయి ఉంటే, ముందు మెడికేర్ కట్టాల్సిన భాగం మేం కట్టం అని కోబ్రా వాళ్లు అనొచ్చు.

ఈ పెనాల్టీ లెక్క కూడా విడమరిచి చెబుతాను. ఆలస్యం చేసిన ప్రతి పూర్తి పన్నెండు నెలలకూ పార్ట్ బి ప్రీమియం మీద 10 శాతం. మూడేళ్లు ఆలస్యమైతే 30 శాతం, అంటే 2026 లెక్కన నెలకు దాదాపు 61 డాలర్లు అదనం. ప్రీమియం పెరిగినప్పుడల్లా ఇదీ పెరుగుతుంది, పార్ట్ బి ఉన్నంతకాలం ఉంటుంది. మందుల పార్ట్ డికి వేరే పెనాల్టీ ఉంది. మీ గడువు దాటాక, మెడికేర్ ఒప్పుకునే స్థాయి మందుల బీమా లేకుండా వరసగా 63 రోజులు గడిస్తే అది మొదలవుతుంది. ఇప్పుడు మందులేమీ వాడటం లేదు కదా అని పార్ట్ డి మానెయ్యడం మంచిది కాదని నా అభిప్రాయం. పైగా 2026లో పార్ట్ డి కింద వచ్చే మందులకు ఏడాదికి 2,100 డాలర్లకు మించి మన చేతి నుంచి పడదు. ఆ పరిమితి పెద్ద జబ్బు వచ్చినప్పుడు ఎంత ఆదుకుంటుందో కేన్సరు మందుల ధరలు చూసినవాళ్లకు తెలుసు.

ఉద్యోగంలో ఉంటూ హెచ్‌ఎస్‌ఏ ఖాతాలో, అంటే వైద్య ఖర్చులకని పన్ను లేకుండా దాచుకునే ఖాతాలో, డబ్బు వేస్తున్నవాళ్లకు ఒక మాట. 65 దాటాక మెడికేర్‌కు దరఖాస్తు చేస్తే పార్ట్ ఏని ఆరు నెలల దాకా వెనక్కి జరిపి ఇస్తారు. అందుకని దరఖాస్తుకు ఆరు నెలల ముందే ఆ ఖాతాలో వెయ్యడం ఆపండి. లేకపోతే పన్నుల దగ్గర చిక్కు వస్తుంది.

ఇప్పుడు పిల్లలు పిలిపించుకున్న అమ్మానాన్నల విషయానికి వస్తాను. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వీళ్ల పరిస్థితే.

విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు మెడికేర్ లేదు. గ్రీన్ కార్డు మీద వచ్చి 65 దాటినవాళ్లు ఈ దేశంలో వరసగా ఐదేళ్లు నివాసం ఉంటే, ఒక్క రోజు కూడా ఇక్కడ ఉద్యోగం చెయ్యకపోయినా మెడికేర్ కొనుక్కోవచ్చు. కొడుకో, కూతురో పాతికేళ్లుగా కడుతున్న మెడికేర్ పన్ను అమ్మానాన్నల ఖాతాలో జమకాదు. ఇండియాలో ముప్పై ఏళ్లు సర్వీసు చేసినా అది ఇక్కడి క్రెడిట్లకు కలవదు, ఎందుకంటే రెండు దేశాల మధ్య అలాంటి ఒప్పందం లేదు.

2021 సెప్టెంబరులో గ్రీన్ కార్డుతో దిగిన ఒక తల్లి ఉందనుకుందాం, అప్పటికే 68 ఏళ్లు. ఆవిడకు 65 ఎప్పుడో దాటింది, కాబట్టి గడువు పుట్టినరోజును పట్టి రాదు. ఐదేళ్లు నిండే నెలను పట్టి వస్తుంది, అంటే 2026 సెప్టెంబరు. ఆవిడకు పార్ట్ బి 202 డాలర్ల 90 సెంట్లు, పార్ట్ ఏ పూర్తి ధరకు 565 డాలర్లు, రెండూ కలిపి నెలకు 768 డాలర్ల దాకా అవుతుంది. బరువే, కాదనను. పార్ట్ బి ఒక్కటే తీసుకోవచ్చు, కానీ ఆసుపత్రిలో పడక ఖర్చుకు అది సరిపోదు. అడ్వాంటేజ్ ప్లాను కావాలంటే రెండూ ఉండి తీరాలి. ఇంట్లో నాన్నగారు ఏ దుకాణంలోనో పదేళ్లు పనిచేసి 40 క్రెడిట్లు తెచ్చుకుంటే ఆయనతో పాటు అమ్మకు కూడా పార్ట్ ఏకి ప్రీమియం ఉండదు. 30 నుంచి 39 దాకా ఉంటే 565 బదులు 311 డాలర్లు. అందుకే, ఓపిక ఉండి పనిచేస్తామనే పెద్దవాళ్లను ‘మీకెందుకు ఈ వయసులో’ అని ఆపేముందు పిల్లలు ఈ లెక్క కూడా చూడాలి. జీతం మాత్రం కాగితాల మీద, పన్ను కట్టి తీసుకున్నదై ఉండాలి.

ఐదేళ్లు వరసగా అన్నాను కదా. మనవాళ్లు చలికాలం ఇండియా వెళ్లి నెలల తరబడి ఉండిపోతారు. ఎక్కువకాలం బయట ఉంటే నివాసం తెగిపోయిందనే ప్రశ్న వస్తుంది. వెళ్లి వచ్చిన తేదీలు, టికెట్లు, పాస్‌పోర్టులో ముద్రలు జాగ్రత్తగా ఉంచండి. దరఖాస్తు రోజున అవి అడగవచ్చు. ఆ ఐదేళ్లు నిండేలోపు ఖాళీగా ఉంచకండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఆరోగ్య బీమా అంగడిలో, బీమా కొనుక్కోవచ్చు. ఆదాయం బాగా తక్కువగా ఉన్నవాళ్ల ప్రీమియాలు కట్టిపెట్టే మెడికేర్ సేవింగ్స్ ప్రోగ్రాములు రాష్ట్రాల్లో ఉన్నాయి, నియమాలు రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి, అడగడంలో మొహమాటం వద్దు.

ఇండియాలో వైద్యానికి మెడికేర్ మామూలుగా డబ్బు కట్టదు. ఏటా వెళ్లివచ్చేవాళ్లకు మెడిగ్యాప్ అనే అదనపు బీమాలో కొన్ని ప్లాన్లు పనికొస్తాయి. వాటిలో విదేశాల్లో అత్యవసర వైద్యానికి 250 డాలర్లు పోను 80 శాతం ఇస్తారు. ప్రయాణంలో మొదటి 60 రోజులకే, జీవితం మొత్తానికి 50,000 డాలర్ల పరిమితి.

మెడిగ్యాప్‌కు ఉన్న గడువు చాలామందికి తెలియదు. 65 దాటి పార్ట్ బి మొదలైన రోజు నుంచి ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో మీకు షుగరున్నా, స్టెంటున్నా కంపెనీ కాదనడానికి వీల్లేదు, జబ్బు పేరు చెప్పి ధర పెంచడానికీ వీల్లేదు. తర్వాత అయితే చాలా రాష్ట్రాల్లో నిరాకరించవచ్చు. అడ్వాంటేజ్ ప్లాన్లను, మందుల ప్లాన్లను ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా మార్చుకోవచ్చు. అడ్వాంటేజ్ నుంచి తిరిగి మామూలు మెడికేర్‌కూ రావచ్చు. కానీ అప్పుడు మెడిగ్యాప్ ఇస్తారన్న భరోసా లేదు. అందుకే పళ్లూ కళ్లద్దాలూ ఉచితం అనే ప్రకటనలు చూసి తొందరపడొద్దు. మీ డాక్టరు, మీ ఆసుపత్రి ఆ ప్లాను నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

దరఖాస్తు ఎక్కడంటారా, మెడికేర్ ఆఫీసులో కాదు, సోషల్ సెక్యూరిటీలో. వాళ్ల వెబ్‌సైటులో పెట్టవచ్చు, దగ్గర్లోని ఆఫీసుకు వెళ్లవచ్చు, 1-800-772-1213కు ఫోన్ చెయ్యవచ్చు. ఉద్యోగం మానేశాక చేరేవాళ్లు రెండు ఫారాలు నింపాలి. సీఎంఎస్ 40బి మీరు నింపేది, సీఎంఎస్ ఎల్564 మీ కంపెనీ వాళ్లు సంతకం చేసి ఇచ్చేది. రిటైరయ్యే వారంలోనే ఆ సంతకం పెట్టించుకోండి. ఆరు నెలల తర్వాత వెళితే మిమ్మల్ని ఎరిగిన మనిషి ఆ సీట్లో ఉండకపోవచ్చు.

ఏ ప్లాను తీసుకోవాలో తేల్చుకోలేకపోతే ప్రతి రాష్ట్రంలోనూ షిప్ పేరుతో ఉచిత సలహా కేంద్రాలు ఉన్నాయి. వాళ్లు ఏ కంపెనీ ప్లానూ అమ్మరు. మెడికేర్ ఫోన్ నంబరు 1-800-633-4227కు చేసి అడిగితే మీ రాష్ట్రంలోని కేంద్రం వివరాలు చెబుతారు. ఇంగ్లీషులో మాట్లాడడం కష్టమైతే ఫోన్ ఎత్తగానే ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్’ అనండి, దుబాసీని ఉచితంగా లైన్లోకి తీసుకుంటారు. మాట్లాడిన తేదీ, అవతలి మనిషి పేరు, వాళ్లు చెప్పిన మాట ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ప్రభుత్వ ఉద్యోగి తప్పు చెప్పడం వల్ల మీ గడువు దాటిందని చూపించగలిగితే దాన్ని సరిదిద్దే వీలు చట్టంలో ఉంది. అప్పుడు ఆ కాగితం అవసరమవుతుంది.