మరిగే నీటి బుడగలో ఏముంది?

హోస్ట్: మేడం, సూటిగా అడిగేస్తాను. నీళ్లు తెర్లుతున్నప్పుడు అడుగు నుంచి పెద్ద పెద్ద బుడగలు లేస్తాయి కదా, వాటిలో ఉండేదేంటి?

టీచర్: క్లాసులో నేను మొదట అడిగేది ఇదే. చాలామంది హైడ్రోజన్, ఆక్సిజన్ అంటారు. కొందరు గాలి అంటారు. గిన్నె వేడెక్కే మొదట్లో కనిపించే చిన్న బుడగలు నీటిలో కరిగిన గాలివే. కానీ తెర్లేటప్పుడు లేచేది అచ్చంగా నీటి ఆవిరి. నీటి అణువు చెక్కుచెదరలేదు!

హోస్ట్: మరి తెగిందేంటి?

టీచర్: అణువుకీ అణువుకీ మధ్య ఉన్న పట్టు. దాని పేరు హైడ్రోజన్ బంధం. పేరులో బంధం అని ఉండటంతోనే వస్తుంది చిక్కంతా. అణువు లోపల ఆక్సిజన్‌కీ హైడ్రోజన్‌కీ మధ్య ఉన్న సమయోజనీయ బంధం, అంటే ఎలక్ట్రాన్లను పంచుకునే బంధం, తెగాలంటే మోల్‌కి (అణువుల్ని, బంధాల్ని లెక్కపెట్టే కొలమానం) దాదాపు 460 కిలోజౌళ్లు కావాలి. హైడ్రోజన్ బంధానికి సుమారు 20 చాలు.

హోస్ట్: అంత బలహీనమైతే దాన్ని పట్టించుకోవడం దేనికి?

టీచర్: హైడ్రోజన్ సల్ఫైడ్‌ని చూడండి. నీటిలాగే వంగిన అణువు, బరువు దాదాపు రెట్టింపు. అయినా మైనస్ 60 డిగ్రీలకే మరిగిపోతుంది! సల్ఫర్ ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ అంత గట్టిగా లాక్కోలేదు, అందుకే ఆ అణువుల మధ్య హైడ్రోజన్ బంధం లాంటి గట్టి పట్టు కుదరదు. ఈ బలహీనమైన పట్టే లేకపోతే సముద్రాలే ఉండేవి కావు.

హోస్ట్: అంటే హైడ్రోజన్ బంధం లేనివన్నీ వాయువులేనా?

టీచర్: కాదు కాదు. లండన్ బలాలని ఉన్నాయి, ఎలక్ట్రాన్లు అటూ ఇటూ కదలడం వల్ల క్షణక్షణం పుట్టే ఆకర్షణలు. అవి అన్ని అణువుల మధ్యా ఉంటాయి. నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ పెంటేన్, కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న పదార్థం. ఐదు కార్బన్లు వరసగా ఉంటే 36 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అవే పరమాణువులు బంతిలా ముడుచుకుంటే నియోపెంటేన్, 10 డిగ్రీలు కూడా అక్కర్లేదు. పొడుగు అణువులు పక్కపక్కన ఆనుకుని పడుకుంటాయి. బంతులు ఒకదాన్నొకటి ఎంతని తాకుతాయి చెప్పండి?

హోస్ట్: ఆకారం ఒక్కటి మారితే ఇంత తేడానా! మరి ఉప్పు సంగతి?

టీచర్: ఉప్పులో విడివిడి అణువులే లేవండీ. సోడియం, క్లోరైడ్ అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, అన్ని వైపులా అల్లుకుని ఉంటాయి. అక్కడ సడలాల్సింది అసలు బంధమే. అందుకే ఉప్పు వేడికి కరిగి ద్రవంగా మారడానికే 801 డిగ్రీలు కావాలి.