ముందు దిగడం నేర్చుకుందాం
(అమలాపురంలో ఉదయపు నడక మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు, ఆదివారం పూట ఓపికగా వచ్చి కూర్చున్న కాలేజీ పిల్లలకు నమస్కారం.

మన కోనసీమ ఇళ్లలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. జార్జియా రాష్ట్రం అట్లాంటాలో ఉన్నవాళ్లు తల్లిదండ్రులు వచ్చినప్పుడు చూపించే చోట్లలో అమికలోలా జలపాతం ఒకటి. దాని పక్కన 600 పైచిలుకు మెట్లున్నాయి. ఎక్కి, ఫోటోలు తీసుకుని వచ్చేస్తాం. ఆ మెట్లు ముగిసిన చోటు నుంచి అడవి బాట పట్టి దాదాపు 12 కిలోమీటర్లు వెళితే స్ప్రింగర్ కొండ వస్తుంది. అప్పలాచియన్ బాట అనే పొడవాటి కాలినడక దారికి దక్షిణపు కొస అదే. అక్కడి నుంచి 14 రాష్ట్రాల మీదుగా, సుమారు 3,500 కిలోమీటర్లు సాగి, మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ శిఖరం మీద ఆ బాట ముగుస్తుంది. బెంటన్ మెకై అనే ఆయన 1921లో ఈ ఆలోచన చేశాడు. 1937 నాటికి బాట పూర్తయింది. 1948లో ఎర్ల్ షాఫర్ అనే మాజీ సైనికుడు ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే విడతలో నడిచాడు.

ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో వేలమంది స్ప్రింగర్ దగ్గర బయలుదేరుతారు. కటాడిన్ చేరేది వారిలో దాదాపు నాలుగో వంతు మంది. ఆ బాట నడవాలనుకునేవాళ్ల కోసం ఈరోజు నేను మొదటి మూడు నాలుగు వారాల గురించే మాట్లాడతాను. నేను నడిచింది ఆ దక్షిణ భాగమే. మన డెల్టా మనిషికి అసలు పరీక్ష కూడా అక్కడే.

ఎందుకంటే మనది బల్లపరుపు నేల. కాలవ గట్ల మీద రోజూ పది కిలోమీటర్లు సునాయాసంగా నడిచేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్ల గుండె, ఊపిరితిత్తులు గట్టివి. కాని మన సీమలో మనం ఎక్కే పెద్ద ఎత్తు ఏమిటి? గోదావరి గట్టు. తిరుపతి వెళితే అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతాం, నిజమే. దిగేటప్పుడు మాత్రం చాలామందిమి బస్సెక్కుతాం. అంటే ఎక్కడం కాస్తో కూస్తో తెలిసిన కాళ్లకు కూడా దిగడం తెలియదు.

జార్జియాలో బాట ఒక కొండ ఎక్కుతుంది, కనుమలోకి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. రోజంతా ఇదే వరస. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, మనిషి తనంతట తానే నెమ్మదిస్తాడు. దిగేటప్పుడు ఆయాసం ఉండదు కనుక కాళ్లు పరుగందుకుంటాయి. ఆ సమయంలో తొడ ముందు భాగపు కండరం బరువును ఆపుతూనే సాగవలసి వస్తుంది. అలవాటు లేని కండరం లోపల దెబ్బతింటుంది. నొప్పి వెంటనే తెలియదు. మర్నాడు, ఆ మర్నాడు ముదురుతుంది. అయితే మేలు చేసే సంగతి ఒకటుంది. ఇలాంటి శ్రమను ముందే కొద్దికొద్దిగా రుచి చూపిస్తే కండరం కొన్ని వారాల పాటు దాన్ని తట్టుకుంటుంది. అందుకే అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను: అన్నవరం వెళ్లండి, రత్నగిరి మీదికి బస్సులో ఎక్కండి, మెట్ల మీద నడిచి దిగండి. సత్యదేవుడికి మొక్కు ఉన్నవాళ్లు రెండూ నడవండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న మాట. మొదటి వారం గడిచాక ఒళ్లు తేలికవుతుంది. ఆకలి పెరుగుతుంది, నిద్ర పడుతుంది, పక్కవాడు 25 కిలోమీటర్లు నడిచాడంటే మనమూ నడవగలమనిపిస్తుంది. అదే ప్రమాదకరమైన వారం. కండరం కొద్ది వారాల్లో బలపడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువుకు నెలలు పడుతుంది. ఎముక సంగతి ఇంకా చిత్రం. కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు తన పాత భాగాన్ని కొంత కరిగించుకుని, ఆ తర్వాతే కొత్తది కట్టుకుంటుంది. మధ్యలో కొన్ని వారాలు అది మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకు తొలి వారాల శిక్షణలో పాదం ఎముకలు సన్నగా పగిలేది ఇందుకే. కాబట్టి మొదటి రెండు వారాలు రోజుకు 12 నుంచి 16 కిలోమీటర్లు చాలు. మధ్యాహ్నం రెండు గంటలకే బస చేరితే చేరండి. బట్టలు ఆరేసుకోండి, పాదాలు చూసుకోండి. వయసులో ఉన్న పిల్లలకు ఈ మాట రుచించదని తెలుసు. అయినా వాళ్లకే చెబుతున్నాను, బాగున్నామనుకుంటూ దెబ్బతినేది ఎక్కువగా వాళ్లే.

పాదాల సంగతి మనవాళ్లకు కొంత తెలుసు. నాట్ల రోజుల్లో నీళ్లలో నాని వేళ్ల సందులు ఒరిసిపోవడం చూసినవాళ్లం. బొబ్బ కూడా తడి, రాపిడి కలిసి చేసేదే. మడమ దగ్గర చురుక్కుమందంటే అక్కడే ఆగండి. ముందు కనుమ దాకా వెళ్లి చూద్దామనుకోకండి. బూటు విప్పి, మేజోడు తీసి, చర్మం ఆరేదాకా కూర్చుని, ఎర్రబడిన చోట ముడతలు లేకుండా పట్టీ అతికించండి. అయిదు నిమిషాల పని. మానేస్తే అయిదు రోజులు కుంటాలి.

చలి మనకు బొత్తిగా తెలియదు. తుపాను వానలో తడిసి ఇంటికొచ్చి తల తుడుచుకుని కాఫీ తాగేవాళ్లం మనం. మన వాన ప్రాణం తీసేంత చల్లగా ఉండదు. అక్కడ మార్చిలో రాత్రి నీళ్లు గడ్డకడతాయి, పగలు వాన, గాలి. తడిసిన నూలు బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. లోపలి చొక్కా ఉన్నిదో, త్వరగా ఆరే కృత్రిమ దారంతో నేసిందో ఉండాలి. పడుకునేటప్పటి జత ఏ పరిస్థితిలోనూ తడవకూడదు. తోటివాడి మాట ముద్దగా వస్తున్నా, గుండీ పెట్టుకోవడానికి వేళ్లు తడబడుతున్నా నడక ఆపించి, పొడిబట్టలు తొడిగి, వెచ్చబరచండి. వణుకుతున్నవాడు వెచ్చబడకుండానే వణుకు ఆగిందంటే మెరుగైనట్టు కాదు, పరిస్థితి విషమించినట్టు.

బరువు గురించి. బయలుదేరిన 50 కిలోమీటర్లకు నీల్ కనుమలో ఒక రాతి భవనం వస్తుంది. బాట దాని మధ్య నుంచే సాగుతుంది. అందులోని దుకాణంవాళ్లు అడిగినవారి సంచి మొత్తం బయటపెట్టించి, అక్కర్లేనివి ఇంటికి పార్సిల్ చేయిస్తారు. ఆ పని మనం ఇంట్లోనే చేసుకోవచ్చు. నీళ్లు, తిండి కలిపి 12 కిలోలు మించకుంటే మేలు. తిండికి మన అటుకులు, కందిపొడి చాలా పనికొస్తాయి. వేణ్నీళ్లు పోస్తే చాలు, పొయ్యి మీద ఉడకనక్కర్లేదు. మామిడి తాండ్ర జేబులో పట్టేంత ముక్కలోనే బోలెడు శక్తి ఇస్తుంది. ఇవన్నీ రాత్రి డేరాలో ఉంచుకోకూడదు. ఎలుగులు తిరిగే అడవి అది.

1955లో ఎమ్మా గేట్‌వుడ్ 67 ఏళ్ల వయసులో, తాను కుట్టుకున్న సంచి భుజాన వేసుకుని, గుడ్డ బూట్లతో ఈ బాట మొత్తం నడిచింది. పదకొండు మంది పిల్లల తల్లి. ఆవిడ కథ విని, సామగ్రి అక్కర్లేదు, ధైర్యం చాలు అనేవాళ్లున్నారు. నేనలా చూడను. ఏళ్ల తరబడి వ్యవసాయపు పని చేసిన కాళ్లు ఆవిడవి. కొత్తగా తయారుచేసుకోవలసినవి మనవి.

జార్జియా దాటి, నార్త్ కరోలినాలో, బయలుదేరిన చోటు నుంచి సుమారు 265 కిలోమీటర్ల దగ్గర ఫోంటానా ఆనకట్ట వస్తుంది. 480 అడుగుల ఎత్తు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కట్టారు. బాట దాని మీదుగానే పోతుంది. ధవళేశ్వరం బ్యారేజీ మీద నడిచిన మనవాళ్లు అక్కడ తప్పక కాసేపు ఆగుతారు. ఆవలి ఒడ్డు నుంచి స్మోకీ కొండలు. వాటిలో కువోహి 6,643 అడుగులు, మొత్తం బాటలో అంతకంటే ఎత్తైన చోటు లేదు. అక్కడ ఏప్రిల్‌లోనూ మంచు పడుతుంది. మోకాళ్లు బాగున్నవాళ్లకు ఫోంటానా నుంచి నడక నిజంగా మొదలవుతుంది. నొప్పి ఉన్నవాళ్లు అక్కడే రెండు రోజులు ఆగడం మంచిది.

వచ్చే ఆదివారం అన్నవరం వెళుతున్నాం. సంచిలో ఆరేడు కిలోల బియ్యం వేసుకుని రండి, కొండ మీద అన్నదానానికి ఇచ్చేయకుండా మళ్లీ కిందికి మోసుకు దిగాలి. బూట్లు ఇంకా కొననివాళ్లు తొందరపడకండి. రోజంతా నడిచాక పాదం ఉబ్బుతుంది, కాబట్టి సాయంత్రం పూట, మేజోళ్లతోనే కొలత చూసుకుని, ఒక సైజు పెద్దవి తీసుకోవాలి. ఇక వీసా గడువు గురించి, బీమా గురించి అడగవలసినవాళ్లు అడగండి, తెలిసినంత చెబుతాను.